కరోనా రెండేళ్లలో మన మున్సిపాలిటీ వాతావరణం కోసం ఏం చేసింది? లెక్క మనమే తీసుకునే పద్ధతి

మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి "క్లైమేట్ యాక్షన్ ఫైలు చూపించండి" అని అడగొద్దు. అడిగితే టౌన్ ప్లానింగ్ వాళ్లు ఇంజినీరింగ్‌కి పంపుతారు, ఇంజినీరింగ్ వాళ్లు శానిటేషన్‌కి పంపుతారు, శానిటేషన్‌లో ఉన్నాయన మస్టర్ రాసుకుంటూ "ఏటి బాబూ, అలాంటివి మా దగ్గరుండవు" అంటాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. మన ఊళ్లలో ఈ పని ఆ పేరుతో ఉండదు. వీధి దీపాల కరెంటు బిల్లులో ఉంటుంది, నీళ్ల మోటార్ల రీడింగుల్లో ఉంటుంది, డంపింగ్ యార్డు లాగ్‌బుక్కులో, కాలువల పూడిక తీసిన బిల్లుల్లో, ఎండిపోయిన మొక్క పక్కన ఖాళీగా నిలబడ్డ ట్రీ గార్డులో ఉంటుంది. వీటిని ఏరుకుని ఒక కాగితం మీదకి తెచ్చుకోవడం ఎలాగో చెప్తాను. శ్రీకాకుళం, విజయనగరం రెండింటికీ పనికొస్తుంది, పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం, బొబ్బిలి, సాలూరు వాళ్లు కూడా ఇదే దారిలో వెళ్లొచ్చు.

కేంద్ర ప్రభుత్వం నగరాల వాతావరణ పనితీరుకి మార్కులు వేసే పద్ధతి ఒకటి పెట్టింది. దాని రెండో విడత సరిగ్గా కరోనా మధ్యలో, 2020 సెప్టెంబరులో మొదలైంది. 28 సూచికలు, 5 విభాగాలు: ఇంధనం-భవనాలు, పచ్చదనం-ప్లానింగ్, రవాణా-గాలి, నీళ్లు, చెత్త. 126 నగరాలను చూశారు. 2021 జూన్‌లో ఫలితాలు వస్తే విశాఖకి, విజయవాడకి నాలుగు నక్షత్రాలు వచ్చాయి. స్మార్ట్ సిటీలు, రాజధానులు, 5 లక్షల జనాభా దాటిన నగరాలు మాత్రమే అందులో ఉన్నాయి కాబట్టి మన రెండు కార్పొరేషన్లూ లెక్కలోకే రాలేదు. అంటే మన ఊరికి మార్కులు వేసినవాళ్లే లేరు. ఆ 5 విభాగాల పేర్లు మాత్రం మనం అరువు తెచ్చుకోవచ్చు, నోటుబుక్కులో ఒక్కోదానికి ఒక్కో పేజీ ఇస్తే సరిపోతుంది. నేనైతే రవాణా పేజీని దాదాపు ఖాళీగా వదిలేస్తాను, ఎందుకంటే మన ఊళ్లలో బస్సులు ఆర్టీసీవి, ఆటోలు ఎవరివి వాళ్లవి, మున్సిపాలిటీ చేతిలో ఉన్నది చెత్తబండ్లూ నీళ్ల ట్యాంకర్లూ తప్ప పెద్దగా లేదు. వాటి డీజిల్ లాగ్‌బుక్కు అడిగితే చాలు.

ఏ ఏడాదితో పోల్చాలి

జనం ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే, అందుకే కాస్త నెమ్మదిగా చదవండి. 2020-21 అంకెలు ఏవి చూసినా అందంగా కనిపిస్తాయి. లాక్‌డౌన్‌లో ప్రపంచం మొత్తం మీదే కార్బన్ ఉద్గారాలు ఆ ఏడాది సుమారు 5 శాతం పడిపోయాయి, మరుసటి ఏడాదే మళ్లీ లేచి కూర్చున్నాయి. ఎవరూ ఏమీ చేయకుండానే పడిపోయిన దాన్ని "మేం తగ్గించాం" అని రిపోర్టులో రాసుకునే అవకాశం ఉంది. కాబట్టి ప్రతి అంకె పక్కనా ఒక ప్రశ్న రాసుకోండి: దానంతటదే తగ్గిందా, ఎవరైనా తగ్గించారా?

పోలికకి ఆర్థిక సంవత్సరాలు తీసుకోండి, ఆఫీసు కాగితాలన్నీ ఏప్రిల్ నుంచి మార్చి వరకే ఉంటాయి. లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైంది కాబట్టి 2019-20లో చివరి వారం తప్ప మిగతాదంతా మామూలు ఏడాదే, దాన్నే మొదటి గడిగా పెట్టుకోండి. ఇంకో ఏడాది వెనక్కి వెళ్లి 2018-19 తీసుకుందామా అంటే శ్రీకాకుళం జిల్లాలో కుదరదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, స్తంభాలు పడిపోయి కరెంటు లేక, చెట్లు కూలి, ఉద్దానం వైపు ఏ లెక్కా మామూలుగా లేదు. పలాస, ఇచ్ఛాపురం వాళ్లు ఆ ఏడాది జోలికి వెళ్లకపోవడమే మంచిది. తర్వాత 2020-21, 2021-22, చివరగా 2022-23 పెట్టండి. ఈ చివరి గడే అసలైన పరీక్ష, జనం మళ్లీ రోడ్డెక్కాక కూడా అంకె కిందే ఉంటే అప్పుడు నమ్మొచ్చు.

ఇంకో గొయ్యి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి, పార్వతీపురం మన్యం కొత్తగా వచ్చింది, పాలకొండ అటు వెళ్లింది, రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది. జిల్లా మొత్తం అంకెలు ఆ తేదీకి ముందువీ తర్వాతవీ పక్కపక్కన పెడితే అవి కాకిలెక్కలే అవుతాయి. ఊరి అంకెలకి ఈ బాధ లేదు గానీ, చుట్టుపక్కల గ్రామాలను విలీనం చేసినచోట అవి లెక్కలో కలిశాయా లేదా అని మాత్రం అడిగి రాసుకోండి.

ముందు సచివాలయం, తర్వాతే పెద్దాఫీసు

2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి కదా, చాలామంది వాటిని పింఛన్లకీ సర్టిఫికెట్లకీ తప్ప వాడుకోవట్లేదు. అందులో శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ అని ఒక ఉద్యోగమే ఉంది. ఎమెనిటీస్ (సౌకర్యాల) సెక్రటరీ దగ్గర వీధి దీపాలు, కొళాయిలు, కాలువల సంగతి ఉంటుంది. వీళ్లు ఎక్కువగా మన పిల్లల వయసువాళ్లు, కరోనాలో ఇంటింటి జ్వరాల సర్వే దగ్గర్నుంచి వ్యాక్సిన్ల క్యూల దాకా వీళ్ల చేతే చేయించారు. కాబట్టి "ఆ రెండేళ్లూ మొక్కలెందుకు చూడలేదు" అని గదమాయిస్తూ మొదలుపెట్టకండి. "అమ్మా, ఆ టైములో మీ అసలు పని ఏమేం ఆగిపోయింది?" అని అడగండి. మీరు రాసుకోలేనంత చెప్తారు. అది కూడా మీ లెక్కలో భాగమే, ఎందుకంటే ఆగిపోయిన పనులు రిపోర్టుల్లో కనిపించవు.

నిర్ణయాలు ఎవరు తీసుకున్నారన్నది కూడా తెలుసుకోవాలి. మున్సిపల్ ఎన్నికలు 2020 మార్చిలో కరోనా వల్ల ఆగిపోయి, 2021 మార్చి 10న జరిగాయి. విజయనగరం కార్పొరేషన్‌కి అప్పుడే కౌన్సిల్ వచ్చింది, శ్రీకాకుళం ఆ విడతలో లేనే లేదు. అంటే మొదటి వేవ్ మొత్తం రెండు చోట్లా కార్పొరేటర్లు లేరు, ప్రత్యేకాధికారి పాలనే. కాబట్టి ఆ కాలానికి కౌన్సిల్ మినిట్స్ (సమావేశాల రికార్డు) అడిగితే "లేవు" అనే సమాధానం వస్తుంది, ప్రత్యేకాధికారి తీర్మానాలు, ప్రొసీడింగ్స్ అని అడగాలి. విజయనగరంలో 2021 మార్చి తర్వాతవి మాత్రం కౌన్సిల్ ఎజెండా, మినిట్స్ అనే అడగండి.

కరెంటు: అబద్ధం ఆడటం కష్టమైన కాగితం

మున్సిపాలిటీ సొంతంగా కాల్చే ఇంధనంలో పెద్ద వాటా వీధి దీపాలదీ, నీళ్లు తోడే మోటార్లదీ. మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ ఇచ్చే నెల బిల్లులో సర్వీసు నంబరు, వాడిన యూనిట్లు అచ్చయి ఉంటాయి, వాటిని ఎవరూ దిద్దలేరు. అందుకే నేను ఎవరు అడిగినా కరెంటు బిల్లుతోనే మొదలుపెట్టమంటాను.

ఒక దీపం లెక్క చూద్దాం. పాత 150 వాట్ల సోడియం దీపం ఏడాదికి సుమారు 4,000 గంటలు వెలిగితే 600 యూనిట్లు. దాని స్థానంలో 70 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 280. మిగిలింది 320 యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 0.7 నుంచి 0.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది కాబట్టి ఒక్కో స్తంభానికి ఏడాదికి దగ్గర దగ్గర 240 కిలోలు తగ్గినట్టు. బావుంది కదా. ఇప్పుడు పొద్దున్న పాల ప్యాకెట్‌కి వెళ్లినప్పుడు తలెత్తి చూడండి. ఎండ వచ్చేశాక కూడా ఆ దీపం 10 గంటల దాకా వెలుగుతూనే ఉంటే, రోజుకి 4 గంటల చొప్పున ఏడాదికి 100 యూనిట్లు పైనే గాల్లో కలిసినట్టు, ఆదా చేసిన దాంట్లో మూడో వంతు పోయింది. వీధి మొదట్లో స్తంభానికి ఒక ఇనప పెట్టె బిగించి ఉంటుంది, లోపల టైమరు, మీటరు ఉంటాయి, ఒక లైనులో ఉన్న దీపాలన్నీ దాని మీదే ఆధారపడతాయి. టైమరు పాడైతే ఎవరో ఒకరు డైరెక్టుగా కలిపేసి వదిలేస్తారు. పెట్టె తలుపు ఊడిపోయి, వైరు బయటికి వేలాడుతుంటే అదన్నమాట సంగతి. పెట్టె ముట్టుకోకండి, దూరం నుంచే ఫోటో తీసి, స్తంభం నంబరు, తేదీ, టైమూ రాసుకోండి. మీ వార్డులో ఇలాంటివి నాలుగు పట్టుకుంటే చాలు, ఏ రిపోర్టుకీ అంత బలం ఉండదు.

ఎల్‌ఈడీల విషయంలో ఒక మెలిక. మన రాష్ట్రంలో మున్సిపాలిటీల్లో దీపాలు మార్చే పని 2015 తర్వాతి ఏళ్లలో ఊపందుకుంది, కరోనాకి చాలా ముందు. ఆ ఆదా 2020 ఖాతాలో వేస్తే ఒప్పుకోవద్దు. పైగా లాక్‌డౌన్‌లో వీధి దీపాలు ఎప్పట్లాగే వెలిగాయి, జనం ఇంట్లోనే ఉన్నారు కాబట్టి నీళ్ల వాడకం తగ్గే అవకాశం లేదు. కాబట్టి 2020-21లో మున్సిపాలిటీ యూనిట్లు బాగా పడిపోయినట్టు కనిపిస్తే సంబరపడకండి, మోటార్లు పాడయ్యాయా, దీపాలు ఆరిపోతే మార్చలేదా అని చూడండి. చీకటి వీధి కూడా కరెంటు ఆదా చేస్తుంది మరి.

నీళ్ల విషయానికి శ్రీకాకుళం వాళ్లు నాగావళి మీద, విజయనగరం వాళ్లు నెల్లిమర్ల, రామతీర్థం వైపు చంపావతి మీద ఉన్న పంపింగ్ స్టేషన్ల లాగ్‌బుక్కు అడగాలి. మోటారు వాడిన యూనిట్లను తోడిన నీళ్లతో భాగించండి. వెయ్యి లీటర్లకి ఎన్ని యూనిట్లు అనే ఆ అంకె ఏటికేడు పెరుగుతుంటే పంపు అరిగిపోయిందనో పైపులో ఏదో తేడా ఉందనో అర్థం. నది మట్టం పడిపోయినా పెరుగుతుంది, అందుకని ఏప్రిల్‌ని ఏప్రిల్‌తోనే పోల్చండి.

చెత్త దగ్గర కరోనా నిజంగా దెబ్బ కొట్టింది

తడి చెత్త కుప్పలో గాలాడక కుళ్లితే మీథేన్ అనే వాయువు వస్తుంది, వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లు పైగా వేడి పుట్టిస్తుంది. అందుకే డంపింగ్ యార్డు అంటే కంపు గొడవ ఒక్కటే కాదు. అప్పటి 2016 చెత్త నిబంధనల ప్రకారం ఇంట్లోనే తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా విడదీయాల్సి ఉండేది. అలవాటు పడీ పడకముందే 2020 మార్చి వచ్చింది. క్వారంటైన్ ఇళ్ల చెత్తకి పసుపు సంచులు, వాడేసిన మాస్కులని కాగితం సంచిలో 72 గంటలు ఉంచి, కత్తిరించి పొడి చెత్తలో వేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచనలు. ఇంకోపక్క పారిశుధ్య కార్మికులని వీధుల్లో హైపోక్లోరైట్ మందు కొట్టే పనికి తోలారు. శ్రీకాకుళం జిల్లాలో ఏప్రిల్ ఆఖరు దాకా, విజయనగరంలో మే మొదటివారం దాకా కేసులే లేవు గానీ, జాగ్రత్తలూ భయం మాత్రం అందరితో పాటే వచ్చేశాయి.

ఇక్కడ అడగాల్సినవి ఇవి. విడదీసిన చెత్త ఎన్ని టన్నులు, కలిసిపోయి యార్డుకి వెళ్లింది ఎన్ని టన్నులు, కంపోస్టు ఎంత తయారైంది, ఎవరికి ఇచ్చారు లేదా అమ్మారు. కంపోస్టు రసీదులు తప్పకుండా అడగండి. ఎరువు తయారైందంటున్నారు, కొన్నవాడు లేడు, ఇచ్చిన నర్సరీ పేరు లేదు అంటే ఆ ఎరువు కాగితం మీదే పండింది. టన్నులు నమ్మేలా ఉన్నాయో లేదో చూడటానికి మన సైజు ఊళ్లలో మనిషికి రోజుకి 300 నుంచి 400 గ్రాములు అని మామూలుగా లెక్కేస్తారు. లక్ష జనాభాకి 30 నుంచి 40 టన్నులు. రిజిస్టరులో అంతకి రెట్టింపు ఉంటే తూకం వేశారా, ట్రిప్పులని బట్టి ఉజ్జాయింపు వేశారా అని అడగండి. హోటళ్లు మూసేసిన 2020 మే నెలలోనూ అదే అంకె ఉంటే ఇక చెప్పేదేముంది, ఒకే అంకెని ప్రతి నెలా దించేశారు.

2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరుతో ఇంటికి మూడు డబ్బాలు, కొత్త బండ్లు వచ్చాయి, దాంతో పాటే చెత్త పన్ను గొడవా వచ్చింది, తర్వాత ప్రభుత్వం మారాక ఆ పన్ను తీసేశారు. రాజకీయం ఎలా ఉన్నా మనకి కావాల్సింది ఒక్కటే. మీ వీధిలో ఆ మూడు డబ్బాల్లో ఎన్నింట్లో చెత్త ఉంది, ఎన్నింట్లో బియ్యమో నీళ్లో ఉన్నాయి? తర్వాత బండి వెనకాల పది గుమ్మాల దూరం నడవండి. వేరువేరుగా తీసుకున్నది బండిలో ఒకే అరలో పడుతుంటే మిగతా పేజీ నింపక్కర్లేదు.

మొక్కలు, చెరువులు, గెడ్డలు

మొక్కల గురించి పెద్దగా చెప్పను, నాటిన సంఖ్య పనికిరాదు. 2020 జులైలో జగనన్న పచ్చతోరణం అని రాష్ట్రమంతా 20 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టారు. విజయనగరంలో అప్పటి కలెక్టర్ హరి జవహర్‌లాల్ హయాంలో మొక్కలు, చెరువుల శుభ్రం మీద గట్టిగానే పని నడిచింది. మీరు స్థలాల పేర్లతో జాబితా తీసుకుని, వాటిలో మీకు దగ్గర్లో ఉన్న ఒక రోడ్డు ఎంచుకుని బతికినవి లెక్కపెట్టండి. అంతే.

చెరువులు అలా కాదు. మనవి తుపాను జిల్లాలు, కార్బన్ తగ్గించడం కంటే నీళ్లు పోయే దారి ఉంచడమే మనకి ముందు అవసరమని నా అభిప్రాయం. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నానికి దగ్గర్లోనే తీరం దాటింది, కరోనా ఇంకా పోకముందే. అప్పటికి మీ వార్డు కాలువల్లో పూడిక తీశారా? తీసినట్టు బిల్లు ఉందా? బిల్లు తేదీ వర్షాలకి ముందుదా తర్వాతదా? ఈ మూడు ప్రశ్నలతో అసలు బండారం బయటపడుతుంది. జూన్‌కి ముందు తీయాల్సిన పూడికకి అక్టోబరులో బిల్లు పెడితే, తీసిన మట్టి ఎక్కడ పోశారో కూడా అడగండి.

విజయనగరం పెద్దచెరువు, అయ్యకోనేరు లాంటివైనా, మీ వీధి చివర గెడ్డ అయినా, కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో పెట్టుకుని పాత ఫోటోల మీట వెనక్కి జరిపితే 2019లో గట్టు ఎక్కడుందో, 2022లో ఎక్కడుందో కనిపిస్తుంది. అందరూ ఇళ్లలో ఉన్న రోజుల్లో గట్టు పక్కన మట్టి పోసుకున్నవాళ్లు తక్కువేం కాదు. వానాకాలం ఫోటోని వేసవి ఫోటోతో పోల్చి కొట్లాటకి వెళ్లకండి, నెలలు సరిచూసుకోండి.

కాగితం పెట్టే పద్ధతి

సమాచార హక్కు దరఖాస్తు తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. కార్పొరేషన్, మున్సిపాలిటీకి 10 రూపాయల ఫీజు, అదే గ్రామ పంచాయతీకైతే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే సంస్థలో మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండోది. "ఎందుకు చేయలేదు" అని రాయొద్దు, కారణాలు చెప్పాల్సిన పని వాళ్లకి లేదు, కాగితం ఉంటే ఇవ్వాలి, అంతే. ఇలా రాయండి:

"2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 వరకు వీధి దీపాలు, నీటి పంపింగ్‌కు సంబంధించిన విద్యుత్ సర్వీసుల జాబితా, నెలవారీ వాడిన యూనిట్లు, చెల్లించిన మొత్తం వివరాల నకలు ఇవ్వగలరు."

"అదే కాలానికి డంపింగ్ యార్డుకు చేరిన చెత్త తూకం రిజిస్టరును, కంపోస్టు స్టాకు రిజిస్టరును స్వయంగా తనిఖీ చేసేందుకు తేదీ, సమయం తెలియజేయగలరు."

ఈ రెండోది చాలామందికి తెలియదు. పేజీకి 2 రూపాయలు చొప్పున కట్ట కొనుక్కునే బదులు వెళ్లి కూర్చుని చూడొచ్చు, మొదటి గంటకి రుసుము కూడా లేదు. నోట్సు రాసుకోవచ్చు, కావాల్సిన పేజీకి మాత్రం నకలు అడగొచ్చు.

డబ్బు గురించి ఇంకో దరఖాస్తు విడిగా పెట్టండి. 15వ ఆర్థిక సంఘం మన సైజు మున్సిపాలిటీలకి ఇచ్చిన నిధుల్లో 2020-21లో సగం, 2021-22 నుంచి 60 శాతం పారిశుధ్యం, చెత్త, తాగునీరు, వాననీటి నిల్వలాంటి పనులకే వాడాలని షరతు ఉంది. వినియోగ ధ్రువపత్రాలు అడిగితే ఆ డబ్బు ఇంకుడు గుంతలకి వెళ్లిందో ఇంకెక్కడికి వెళ్లిందో తెలుస్తుంది. జిల్లా పర్యావరణ ప్రణాళిక నకలు కలెక్టరేట్‌లో అడగండి, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ప్రతి జిల్లాకీ అది తయారు చేయమని చెప్పింది. అందులో మన ఊరి చెత్త, మురుగునీటి అంకెలు ఉంటాయి, వాటిని మీకు మున్సిపాలిటీ ఇచ్చిన వాటి పక్కన పెట్టి చూడండి. రెండూ కలవకపోతే ఏది తప్పో మీరు తేల్చక్కర్లేదు, రెండింటినీ జెరాక్స్ తీసి పిన్ను కొట్టండి.

అన్నీ చేతికి వచ్చాక ఒకే పేజీకి కుదించండి. ఎడమ పక్క ఐదారు వరసలు: వీధి దీపాల యూనిట్లు, వెయ్యి లీటర్లకి యూనిట్లు, విడదీసిన చెత్త, కంపోస్టు, పూడిక తేదీ, బతికిన మొక్కలు. పైన నాలుగు ఏళ్లు. దొరకని చోట "ఇవ్వలేదు" అని రాయండి, గీత పెట్టి వదలొద్దు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మారుతుంది గానీ సోమవారం మాత్రం మారలేదు. ఆ పేజీ, దీపం ఫోటోలు, ఒకే ఒక్క కోరిక పెట్టి ఇవ్వండి. "మా వార్డులో ఫలానా నంబరు స్తంభాల టైమర్లు బాగుచేయండి" లాంటిది. పది కోరికలు పెడితే పదీ పది సెక్షన్లకి వెళ్లి ఒక్కటీ తిరిగి రాదు. రసీదు నంబరు తీసుకుని, కార్పొరేటర్ ఉన్న ఊరైతే ఆయనకో కాపీ, బడ్జెట్ సమావేశానికి ముందే, అంటే జనవరి, ఫిబ్రవరిలోనే చేర్చండి. మార్చిలో ఇస్తే అప్పటికే అంకెలు వేసేసి ఉంటారు.